బొమ్మలోంచి దూరిన దొంగ

తెల్లవారి కాఫీ గ్లాసు చేతికి రాకముందే బొమ్మలు వచ్చి పడుతున్నాయి. పెద్దమ్మగారి దగ్గర్నుంచి తులసికోట బొమ్మ, బాబాయిగారి దగ్గర్నుంచి ఉదయించే సూర్యుడు, అమెరికాలో వున్న పిల్ల దగ్గర్నుంచి మనవడు పాలబువ్వ తింటున్న ఫోటో. పెళ్ళి పిలుపులు బొమ్మలే, పుట్టినరోజు దీవెనలు బొమ్మలే, చివరికి పెద్దకర్మ కబురు కూడా బొమ్మే. ఉత్తరం రాసే అలవాటు పోయి బొమ్మ పంపే అలవాటు వచ్చింది. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఉత్తరానికి జవాబు రాయాలి. బొమ్మకి, నమస్కారం పెట్టే మరో బొమ్మ చాలు.

అయితే బొమ్మ విషయంలో మనందరికీ ఒక ధీమా వుంది. తెలియని లింకు వస్తే నొక్కవద్దని పిల్లలు చెబుతారు. ఫోనుకి వచ్చిన అంకెలు ఎవరికీ చెప్పవద్దని బ్యాంకువారు చెబుతారు. బొమ్మ మాట ఎవరూ ఎత్తరు. బొమ్మ ఏం చేస్తుంది పాపం! గోడకి తగిలించిన క్యాలెండరులాంటిది. చూస్తే చూశాం, లేకపోతే లేదు. క్యాలెండరులోని లక్ష్మీదేవి గోడ దిగివచ్చి మన బీరువా తాళం తీస్తుందని ఎవరైనా అనుకుంటామా?

2023 సెప్టెంబరులో దాదాపు అటువంటిదే జరిగింది. ఈ వారం ఆ సంగతి ముచ్చటించుకుందాం. ఇది పరాయిదేశపు కథే అయినా, కథలోని వస్తువు మాత్రం మీ చేతిలోనే వుంది.

కెనడాలో టొరాంటో విశ్వవిద్యాలయం వుంది. అక్కడి మంక్ స్కూలులో 'సిటిజన్ ల్యాబ్' అనే పరిశోధక బృందం పనిచేస్తూ వుంటుంది. పాత్రికేయులూ, హక్కుల కోసం పాటుపడేవాళ్ళూ తమ ఫోన్ల మీద ఎవరైనా కన్నువేశారేమోనని అనుమానపడితే, ఆ ఫోన్లను పరీక్షించి చెప్పటం వీరి పని. వాషింగ్టనులో ప్రధాన కార్యాలయమూ, ఇతర దేశాల్లో శాఖలూ వున్న ఒక పౌరసంస్థ ఉద్యోగి ఫోనును ఇలాగే పరీక్షించారు. అది ఐఫోను. దానిలోకి దొంగ దూరిన జాడలు కనిపించాయి. ఇజ్రాయెల్ దేశపు ఎన్.ఎస్.ఓ. గ్రూపు అనే కంపెనీ తయారుచేసిన 'పెగాసస్' అనే నిఘా సాధనాన్ని లోపలికి దింపటానికి వాడిన ఉపాయం అది.

ఆ ఉపాయం ఎలాటిదో చూడండి. ఆ వ్యక్తి ఏ లింకూ నొక్కలేదు. ఏ అంకెలూ ఎవరికీ చెప్పలేదు. టిక్కెట్లూ కార్డులూ దాచుకునే పర్సు ఒకటి ఐఫోనులో వుంటుంది గదా. ఆ పర్సులో పెట్టుకునే కాగితం వేషంలో ఒక సందేశం వచ్చింది. దానిలోపల బొమ్మ వుంది. బొమ్మ వచ్చింది, ఫోను దాన్ని విప్పబోయింది, అంతే. యజమాని చూడనక్కరలేదు, ఫోను చూస్తే చాలు. సిటిజన్ ల్యాబువారు దీనికి 'బ్లాస్ట్‌పాస్' అని పేరు పెట్టారు. సెప్టెంబరు 7వ తేదీన ఆపిల్ కంపెనీ 16.6.1 అనే మరమ్మతును విడుదల చేసింది. అదే రోజున ల్యాబువారు సంగతి లోకానికి చెప్పారు.

కథ అక్కడితో ఆగితే ఐఫోను కొనుక్కున్నవారి గోల అని మనం పేజీ తిప్పేయవచ్చు. ఆగలేదు. ఆపిల్‌లో భద్రత చూసే విభాగమూ, సిటిజన్ ల్యాబూ కలిసి సెప్టెంబరు 6నే గూగుల్ కంపెనీకి ఒక లోపం తెలియజేశారు. 11వ తేదీన గూగుల్ తన క్రోమ్ బ్రౌజరుకి మరమ్మతు విడుదల చేస్తూ, ఈ లోపాన్ని ఎవరో అప్పటికే వాడుకుంటున్నారని కూడా ఒప్పుకుంది. మర్నాడు ఫైర్‌ఫాక్సు వారు తమదానికి చేశారు. చెప్పినవారు ఒకరే, తేదీలు పక్కపక్కవే. ఐఫోనులో దూరిన దొంగా, క్రోమ్‌లో కనిపించిన కన్నమూ ఒకే తానులో ముక్కలని నిపుణులు తేల్చుకున్నారు.

ఆ కన్నం వున్నచోటు పేరు 'లిబ్‌వెబ్‌పీ'.

వెబ్‌పీ అనేది బొమ్మను చిన్నదిగా మడిచి పంపే ఒక పద్ధతి. 2010లో గూగుల్ ప్రకటించింది. రంగు ఒక్క చుక్క కూడా పోకుండా మడిచే మడతలో, పాత పీఎన్‌జీ పద్ధతి కన్నా 26 శాతం తక్కువ చోటు పడుతుందని గూగుల్ చెప్పింది. వాట్సాప్‌లో మనం పంపుకునే స్టిక్కర్లు, అదే, దండం పెట్టే చేతులూ, పడీపడీ నవ్వే పిల్లాడూ, ఇవన్నీ వెబ్‌పీ బొమ్మలే. మడత పెట్టిన బొమ్మను మళ్ళీ విప్పాలి గదా. ఆ మడవటం, విప్పటం తెలిసిన ప్రోగ్రాముల మూట పేరు లిబ్‌వెబ్‌పీ. ఇటువంటి మూటను ఆ వృత్తిలో లైబ్రరీ అంటారు. గ్రంథాలయమని తెనిగిస్తే పప్పులో కాలేసినట్టే. ఇది పుస్తకాల కొట్టు కాదు, పనిముట్ల కొట్టు. ఎవరికి ఏ పనిముట్టు కావాలో తీసుకుపోయి తమ పనిలో పెట్టుకుంటారు. పైగా ఇది బహిరంగ మూలం. అనగా దాని రాత అంతా బయటే వుంటుంది. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

మా అన్నయ్య కొడుకు హైదరాబాదులో ఈ ప్రోగ్రాముల పనే చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను.

"ఒరేయ్, గూగుల్ చేసిన మూటలో కన్నం వుంటే ఆపిల్ ఫోనులోకి దొంగ రావటమేమిట్రా?"

"నువ్వు గోడమీద పెట్టిన క్యాలెండరు ఎవరిది అత్తయ్యా?"

"కిరాణా కొట్టతను ఇచ్చాడు."

"తిథులు అతను లెక్కకట్టాడా?"

"అతనికేం వస్తుందిరా! ఏ సిద్ధాంతిగారి పంచాంగంలోంచో దించి వుంటారు."

"అదీ సంగతి. కిరాణా కొట్టు, బట్టల కొట్టు, ఇన్సూరెన్సు కంపెనీ, అందరి క్యాలెండర్లకీ పంచాంగం ఒకటే. పంచాంగంలో ఏకాదశి తప్పు పడితే ఊరంతా తప్పు రోజున ఉపవాసం వుంటుంది. ఈ లైబ్రరీ పంచాంగంలాంటిది అత్తయ్యా. క్రోమ్‌లోనూ అదే, ఫైర్‌ఫాక్సులోనూ అదే, ఆండ్రాయిడు ఫోన్లలోనూ అదే."

వాడి పోలిక నాకు నచ్చింది. ఆ తప్పు ఏమిటో కూడా వాడిచేతనే చెప్పించాను. వాడు అంకెల్లో చెప్పాడు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కనక ఛందస్సులోకి మార్చి చెబుతాను.

ముందు మడత సంగతి. 1951లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రాబర్ట్ ఫానో అనే ఆచార్యుడు తన విద్యార్థులకు ఒక వరమిచ్చాడు: పరీక్ష అయినా రాయండి, లేదా నేనిచ్చే సమస్య మీద వ్యాసమైనా రాయండి అని. డేవిడ్ హఫ్‌మన్ అనే కుర్రవాడు వ్యాసమే ఎంచుకున్నాడు. సమాచారాన్ని అన్నిటికన్నా పొట్టిగా రాసే సంకేతాలు ఎలా కట్టాలో కనిపెట్టేశాడు. 1952లో అది అచ్చయింది. పరీక్ష తప్పించుకున్నవాడి వ్యాసం డెబ్భయ్యేళ్ళు దాటినా లోకమంతా వాడుతోందంటే, పరీక్షలు పెట్టే మావంటివాళ్ళం కొంచెం ఆలోచించుకోవలసిందే.

హఫ్‌మన్ కిటుకు మన ఇళ్ళలో వున్నదే. వేంకట సత్యనారాయణ అని బారసాలనాడు పేరు పెడతాం. రోజుకి వందసార్లు పిలవాలి కనక 'సత్తి' అంటాం. ఏడాదికోసారి వచ్చే చుట్టాన్ని మాత్రం ఇంటిపేరుతో సహా పూర్తిగా చెబుతాం. తరచు వచ్చేదానికి పొట్టి పేరు, అరుదుగా వచ్చేదానికి పొడుగు పేరు. బొమ్మలో ఏ రంగు తరచు వస్తుందో దానికి పొట్టి సంకేతం. అయితే ఒక బొమ్మలో తరచు వచ్చే రంగు మరో బొమ్మలో రాదు గదా. అంచేత ఈ సంకేతాలు ఎలా కట్టారో చెప్పే జాబితాను ప్రతి బొమ్మా తనతోనే తెచ్చుకుంటుంది. ఫోను ఆ జాబితా చూసి, 'సత్తి అంటే ఫలానా' అని ముందు ఒక పట్టిక రాసుకుంటుంది. ఆ తరవాత పట్టిక చూస్తూ బొమ్మ విప్పుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. పట్టిక రాసుకోవటానికి ముందే చోటు అట్టేపెట్టుకోవాలి. ఎంత చోటు? ఇక్కడ ఛందస్సు సాయపడుతుంది. చంపకమాల పాదానికి 21 అక్షరాలు. నాలుగు పాదాలకు 84. పద్యం చంపకమాల అని తెలిస్తే చాలు, చదవకుండానే 84 గళ్ళు గీసి వుంచవచ్చు. లక్షణం తప్పని పద్యమైతే 85వ గడి అక్కరలేదు. హఫ్‌మన్ సంకేతాలకూ అటువంటి లక్షణం వుంది. లక్షణం ప్రకారం కట్టినవైతే ఎన్ని గళ్ళకు మించవో గణితంతో ముందే తేల్చవచ్చు. లిబ్‌వెబ్‌పీ రాసినవారు అలాగే తేల్చారు. ఒక రకానికి 654 గళ్ళు, మూడు రకాలకు తలా 630, ఇంకొకదానికి 410. మామూలు పక్షంలో ఐదు పట్టికలకూ కలిపి 2,954 గళ్ళు. లెక్క తప్పు కాదు సుమండీ. లక్షణయుక్తమైనదానికి అది సరిగ్గా సరిపోతుంది.

మరి వచ్చినది చంపకమాల కాకపోతే?

మన కంపోజిటరు 84 గళ్ళు గీసుకున్నాడు. పద్యం చేతికి వచ్చింది. అతను అక్షరాలు పేర్చుకుంటూ పోతున్నాడు. గణాలు సరిపోయాయో లేదో చూడటం మాత్రం అంతా పేర్చిన తరవాత పెట్టుకున్నాడు. వచ్చినది చంపకమాల వేషం వేసుకున్న మరేదో. 84 గళ్ళూ నిండాయి, ఇంకా అక్షరాలు మిగిలాయి. అతని చెయ్యి ఆగలేదు. పక్క గళ్ళలో పేర్చేశాడు. చివరికి గణవిభజన చేసి, "అయ్యో, ఇది పద్యమే కాదు" అన్నాడు. అనేసరికి పక్క గళ్ళలో వున్నది చెరిగిపోయింది.

పక్క గళ్ళలో ఏముంది అన్నదే ప్రాణంమీదికి వచ్చే ప్రశ్న. వంటింట్లో గిన్నె నిండితే పాలు పొయ్యిమీద పొంగిపోతాయి, తుడుచుకుంటాం. కంప్యూటరు జ్ఞాపకంలో ఖాళీ నేల వుండదు. అదంతా వరసగా అంకెలు వేసిన గళ్ళున్న ఒకే పెద్ద పలక. పద్యం గళ్ళ పక్కనే ఫోర్‌మన్ రాసిన ఉత్తర్వు వుండవచ్చు: "ఈ పని అయ్యాక నాలుగో మిషను దగ్గరికి వెళ్ళు" అని. పొంగిన అక్షరాలు ఆ ఉత్తర్వు మీద పడతాయి. పద్యం పంపినవాడు గడుసువాడైతే, ఏ అక్షరం ఎక్కడ పడుతుందో లెక్కవేసి మరీ పంపుతాడు. అప్పుడు ఆ ఉత్తర్వు "తాళాల గుత్తి వాకిట్లో నిలబడ్డవాడికి ఇయ్యి" అని మారిపోతుంది. కంపోజిటరు నమ్మకస్తుడు. ఆ గళ్ళలో వున్నది ఫోర్‌మన్ ఆజ్ఞే అనుకుని శిరసావహిస్తాడు. బొమ్మగా వచ్చినది యజమాని అయి కూర్చుంటుంది. క్యాలెండరులోంచి దిగివచ్చి బీరువా తీయటమంటే ఇదే.

మరమ్మతు ఎలా చేశారంటే, చెప్పుకుంటే చాలా సులువు. ముందు గణాలు చూడు, ఎన్ని గళ్ళు కావాలో కొలుచుకో, చాలకపోతే ఇంకొంచెం చోటు తీసుకో, తరవాత రాయి. అంతే! ఎప్పుడో చేయవలసిన పని ముందు చేశారు. చూసి రాయటానికీ, రాసి చూడటానికీ వున్న తేడా ఇంత.

"ఇన్నేళ్ళూ ఎవరూ పట్టుకోలేదేమిరా? రాత అంతా బయటే వుందన్నావు గదా" అని అడిగాను.

"పట్టుకోవాలనే చూశారు అత్తయ్యా. దిక్కుమాలిన బొమ్మలు లక్షల కొద్దీ పుట్టించి, ప్రోగ్రాము మీదికి విసిరి, ఎక్కడ తూలుతుందో చూసే యంత్రాలున్నాయి. ఈ లైబ్రరీని ఏళ్ళ తరబడి అలా పరీక్షించారు. దొరకలేదు."

ఎందుకు దొరకలేదో తరవాత దీన్ని తవ్వి చూసినవారు చూపించారు. గళ్ళు దాటి పొంగాలంటే మొదటి నాలుగు పట్టికలూ లక్షణం తప్పకుండా, గళ్ళు నిండేటట్టు వుండాలి. ఐదోదానిలో మాత్రం లక్షణభంగం కావాలి. గాలికి చెదిరిన అక్షరాలు కూడి నాలుగు చంపకమాలలు కావు. ఛందస్సు బాగా తెలిసినవాడు, బుద్ధిపూర్వకంగా, ఐదోచోట మాత్రమే తప్పు చేయాలి. పండితుడి తప్పును పామరుడి పరీక్ష పట్టుకోలేకపోయింది.

బయట వుండటానికీ, ఎవరైనా చదవటానికీ మధ్య చాలా దూరం వుంది. ఇది మా తెలుగువాళ్ళకు చెప్పనక్కరలేదు. ప్రాచ్యలిఖిత భాండాగారాల్లో తాళపత్రాలు ఎవరైనా చూడవచ్చు, చూసేవారెందరు? అచ్చయిన ప్రబంధాలే అలమారల్లో పుట విప్పని కన్యల్లా వుండిపోతున్నాయి. 'అందరూ చదవవచ్చు' అన్నది ఒక హక్కు. 'ఎవరో చదివారు' అన్నది ఒక పని. హక్కు వుంది గదా అని పని అయిపోయిందనుకోవటమే మనకు అలవాటు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. చెరువు నీళ్ళు ఊరంతా తాగుతుంది. పూడిక తీసే రోజున మాత్రం అందరికీ పొరుగూరిలో పెళ్ళిళ్ళు వుంటాయి. 2014లో 'హార్ట్‌బ్లీడ్' అనే లోపం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే మరో ఉచిత లైబ్రరీలో బయటపడినప్పుడు కూడా ఇదే పాఠం వచ్చింది. లోకంలోని వ్యాపారమంతా ఆధారపడిన చెరువును అప్పట్లో చూసుకునేవాళ్ళు గుప్పెడు మంది.

ఈ కథలో నన్ను మరింత కలవరపెట్టినది ఇంకొకటి వుంది. అది పేరు సంగతి.

ఇటువంటి లోపం బయటపడితే దానికి ఒక నంబరు ఇచ్చి, ఎక్కడి లోపమో రాసి జాబితాలో చేర్చటం లోకాచారం. దీనికి 'సీవీఈ-2023-4863' అని నంబరు వచ్చింది. రాయటంలో మాత్రం 'గూగుల్ క్రోమ్‌లో లోపం' అన్నట్టుగా రాశారు. క్రోమ్ వాడేవారు సర్దుకున్నారు. కాని ఆ పనిముట్టును తమ సరుకులో పెట్టుకున్న మిగతావారి సంగతి? 'క్రోమ్‌ది కదా, మనకేం' అని వారు పక్కకి తిరిగి పడుకునే ప్రమాదం వచ్చింది. సెప్టెంబరు చివరి వారంలో లిబ్‌వెబ్‌పీ పేరు చెబుతూ రెండో నంబరు ఇచ్చారు. తీవ్రత పదికి పది అన్నారు. అది మొదటిదే గదా అని దాన్ని రద్దుచేసి, మొదటి నంబరు కిందనే లైబ్రరీ పేరు కూడా చేర్చారు. పంచాంగంలో తప్పు దొరికినప్పుడు 'ఫలానా కొట్టు క్యాలెండరులో తప్పు' అని దండోరా వేస్తే, మిగతా ఇళ్ళవాళ్ళు ఏం చేస్తారు? నిశ్చింతగా తప్పు ఏకాదశే చేస్తారు. పేరు సరిగ్గా పెట్టకపోవటం మాటల తప్పేనని చాలామంది అనుకుంటారు. అది మనుషులకు చేటుచేసే తప్పు కూడా కాగలదు. తెలుగు పంతులమ్మ చాదస్తమని కొట్టేయకండి.

ఇక మూలానికి వద్దాం. గళ్ళు దాటితే చెయ్యి పట్టుకునేవాడు లేకపోవటం ఎందుకంటే, లిబ్‌వెబ్‌పీ రాసిన భాష 'సి'. 1970 దశకం మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన భాష. మహా వేగమైనది, పొదుపైనది. కాని రాసేవాడు గళ్ళు లెక్కపెట్టుకుంటాడని నమ్మి ఊరుకుంటుంది. నమ్మకం మంచిదే, యాభయ్యేళ్ళుగా అది ఎక్కడికి తెచ్చిందో చూడండి. ఏటా తాము సరిదిద్దే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఈ గళ్ళు దాటే జాతివేనని మైక్రోసాఫ్ట్ కంపెనీ 2019లో చెప్పింది. గడి దాటబోతే ఒప్పుకోని భాషలు ఇప్పుడు వున్నాయి. 'రస్ట్' అటువంటిది, 2015లో దాని మొదటి స్థిరమైన రూపం వచ్చింది. ఆండ్రాయిడులో కొత్త రాతను ఇటువంటి భాషల్లోకి మార్చుకుంటూ వచ్చిన మీదట, 2019లో 76 శాతంగా వున్న ఈ జాతి లోపాలు 2024కి 24 శాతానికి దిగాయని గూగుల్ ప్రకటించింది. పాత ఇల్లంతా పడగొట్టనక్కరలేదు. కొత్తగా కట్టే గది సరిగా కడితే చాలునన్నమాట.

"ఇదంతా సరే, పెగాసస్‌వాడు మా ఇంటికెందుకు వస్తాడమ్మా? మా దగ్గరేముంది?" అని మీరు అడగవచ్చు. నిజమే. ఆ సాధనం మహా ఖరీదైనది. ప్రభుత్వాలకు అమ్ముతామని ఆ కంపెనీయే చెప్పుకుంటుంది. మీ తులసికోట బొమ్మలో పెగాసస్ లేదు. నిర్భయంగా నమస్కారం పెట్టుకోండి. ఐతే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. కన్నం రహస్యంగా వున్నంతకాలం అది ఒక్క గజదొంగ సొత్తు. మరమ్మతు విడుదల అయిన రోజున, ఆ మరమ్మతు చదివినవాడికల్లా కన్నం ఎక్కడుందో తెలిసిపోతుంది. మరమ్మతు చేయించుకున్న ఇంటికి భయం లేదు. చేయించుకోని ఇంటికి ఆనాటినుంచే భయం మొదలు.

మన ఇళ్ళలో చేయించుకోని ఫోను ఎవరిదో చెప్పనా? అమ్మమ్మగారిది. అబ్బాయి కొత్త ఫోను కొంటాడు; పాతది కోడలికి, కోడలిది అత్తగారికి. ఇంట్లో అన్నిటికన్నా ముసలి ఫోను అన్నిటికన్నా పెద్దావిడ చేతిలో వుంటుంది. పింఛను పడ్డట్టు సందేశం దానికే వస్తుంది. బ్యాంకు అంకెలు దానికే వస్తాయి. తెల్లవారి లేచి అందరికన్నా ఎక్కువ బొమ్మలు అందుకునేదీ ఆవిడే. ఆ ఫోనుకి కంపెనీ మరమ్మతులు పంపటం ఎప్పుడో మానేసి వుంటుంది. ఈ లోపానికి క్రోమ్‌లో మరమ్మతు సెప్టెంబరు 11న వస్తే, ఆండ్రాయిడు ఫోన్లకు అక్టోబరు జాబితాలో వచ్చింది. అక్కడి నుంచి ఒక్కొక్క ఫోను కంపెనీ తన వీలునుబట్టి పంపాలి. చివరి బంతిలో కూర్చున్నవారికి వడ్డన చేరేసరికి ఏమి మిగులుతుందో మీరు ఎరుగుదురు.

అంచేత ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లోని ఫోన్లన్నీ వరసగా పెట్టండి. అప్‌డేట్ అని అడుగుతూ వుంటే 'రేపు' అని తోసెయ్యకుండా చేయించండి. ఫోనుకి ఒకటే కాదు, బ్రౌజరుకీ, వాట్సాప్‌కీ విడివిడిగా చేయించాలి. భద్రతా మరమ్మతు ఏ తేదీ వరకు వచ్చిందో సెట్టింగులలో రాసి వుంటుంది. అది ఏళ్ళనాటి తేదీ అయితే ఆ ఫోను పాటలకూ, మాటలకూ వుంచండి. బ్యాంకును మాత్రం దానిలోంచి దింపేయండి. దీనికి ఇంగ్లీషు రానక్కరలేదు, ఇంజనీరు కానక్కరలేదు. ఆవకాయ జాడీ మూత చూసినట్టు నెలకోసారి చూస్తే చాలు. ఎవరైనా పాత్రికేయులూ, పోరాటాలలో వున్నవారూ మీ ఇంట్లో వుంటే, ఐఫోనులో 'లాక్‌డౌన్ మోడ్' అని ఒక కట్టుదిట్టం వుంది; అది పెట్టుకుని వుంటే బ్లాస్ట్‌పాస్ ఆగిపోయేదని ఆపిల్ భద్రతా విభాగమే చెప్పింది.

చివరగా ఒక మనిషిని గురించి చెప్పాలి. పేరు లోకానికి చెప్పలేదు, చెప్పకపోవటమే న్యాయం. ఆ వాషింగ్టను సంస్థలో పనిచేసే వ్యక్తి. ఫోనంటే ఈ రోజుల్లో మనిషి మనసంత. అందులో ఇంటివాళ్ళ ఉత్తరాలుంటాయి, డాక్టరు చీటీలుంటాయి, ఎవరికీ చూపని ఫోటోలుంటాయి. దాన్ని తెచ్చి పరాయివాళ్ళ బల్లమీద పెట్టి 'చూడండి' అనటానికి గుండె నిబ్బరం కావాలి. ఏళ్ళ తరబడి యంత్రాలు పట్టుకోలేనిది, బహిరంగంగా వున్నా ఎవరి కంటా పడనిది, ఒక మనిషి తన ఫోనును పరీక్షకు ఇవ్వటంతో బయటపడింది. ఆ పుణ్యమే క్రోమ్‌కి మరమ్మతు అయింది, ఫైర్‌ఫాక్సుకి అయింది, ఆండ్రాయిడుకి అయింది. వరసలో వెనకబడి అయినా మన అమ్మమ్మగారి ఇంటి వీధి దాకా వచ్చింది. వీధి చివరి దాకా వచ్చిన ఆ మరమ్మతును ఇంట్లోకి తీసుకోవటం ఒక్కటే మన వంతు. అది కూడా రేపటికి వాయిదా వేస్తామా?